మూడు నోళ్ల మాట

పత్రికలో రైతు పేజీకి కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "ఏం చదువుకోవాలండీ?" అని అడుగుతుంటారు. తెగుళ్ల పేర్లు, పురుగుల పేర్లు ఏడాది తిరిగేసరికి వాటంతటవే వస్తాయి. అట్లా రానిది ఒకటుంది. మనిషి ఒక విత్తనాన్నో మందునో ఎంచుకునే ముందు ఎవర్ని అడుగుతాడు, ఎవరి మాటను ఎవరి మాట పక్కన పెట్టి చూసుకుంటాడు, ఎక్కడ ఆగి 'ఇక చాలు' అనుకుంటాడు? ఇది తెలియకుండా పేజీ నింపితే మనుషులు మునుగుతారు. నేను ముంచినవాళ్లలో ఒకరి సంగతి నాకు పూర్తిగా తెలుసు. మిగతావాళ్లెందరో తెలియదు. ఆ ఒక్కరి గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోస్టు కార్డులు

నేను గుంటూరు డెస్కులో చేరినప్పుడు రైతుల సందేహాలు పోస్టు కార్డుల మీద వచ్చేవి. తడిసినవి, పసుపు మరకలవి, ఆకు ముక్క ఒకటి అన్నం మెతుకులతో అంటించి పంపినవి. రోజుకొక కట్ట. వాటిని చదివి, లాం పరిశోధన ఫారంలో తెలిసిన శాస్త్రవేత్తను అడిగి, జవాబు రాయడం నా పని.

రెండేళ్లు చదివాక ఒకటి అర్థమైంది. అడిగేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే నిర్ణయం తీసేసుకుని ఉంటారు. 'ఫలానా విత్తనం వేద్దామనుకుంటున్నాను, తమరి సలహా ఏమిటి' అని రాస్తే, ఆ విత్తనం అప్పటికే ఇంట్లో ఉట్టి మీద ఉందన్నమాట. వాళ్లకు కావలసింది సలహా కాదు, తోడు. తను అనుకున్నదే ఇంకొకరు కూడా అంటే రైతుకు ధైర్యం. ఇందులో నవ్వడానికేమీ లేదు. ఆకాశాన్ని నమ్ముకుని బతికేవాడికి ధైర్యమే సగం పెట్టుబడి. కాని ధైర్యం వేరు, సమాచారం వేరు. దొరికింది ధైర్యమైతే, సమాచారం దొరికిందనుకుని మనిషి ఇంటికి పోతాడు.

అప్పుడు మా డెస్కు ఇన్‌చార్జి పాండురంగారావు గారు. ముక్కుపొడి పీల్చేవారు, నోరు మంచిది కాదు. వార్త తీసుకెళ్లి బల్ల మీద పెడితే చదవకుండానే రెండు ప్రశ్నలు వేసేవారు.

"నీకెవరు చెప్పారు?"

చెప్పేవాణ్ణి.

"వాడికెవరు చెప్పారు?"

మొదటిదానికి అందరం జవాబు చెప్పేవాళ్లం. రెండోదానికి నోరు పెగిలేది కాదు. "పో, కనుక్కునిరా. నువ్వు రాసేది వార్త, రెండో పెళ్లివాడి వయసు కాదు, ఉజ్జాయింపుగా చెప్పడానికి" అని కాగితం విసిరేవారు. ఆయన దగ్గర ఆరేళ్లు పనిచేశాను. ఆ రెండో ప్రశ్న నాకు ఒంటపట్టిందనే అనుకున్నాను.

మూడు సీసాలు

పర్చూరు వైపు నుంచి ఒక పత్తి రైతు కార్డు రాశాడు. తెల్లదోమకు మూడు రకాల మందులు కొట్టాను, ఏదీ పనిచేయలేదు, నాలుగోది ఏది కొట్టమంటారు అని. ఎందుకో అనుమానమొచ్చి, ఖాళీ సీసాలు పట్టుకుని రమ్మని జవాబు రాశాను. పాపం, గోనెసంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చాడు. మూడు దుకాణాల్లో కొన్న మూడు సీసాలు. ఒకదాని మీద పులి బొమ్మ, ఒకదాని మీద పిడుగు, మూడోదాని మీద పత్తికాయ. అడుగున సన్నక్షరాల్లో ఉన్న మందు పేరు మాత్రం మూడింటి మీదా ఒకటే.

"ఏం బాబూ, ఏమైంది?" అన్నాడు నా మొహం చూసి.

చెప్పాను. కాసేపు సీసాల్ని తిప్పితిప్పి చూశాడు.

"అంటే నేను ఒకే మందు మూడుసార్లు కొట్టానంటారా? దుకాణం మార్చి దుకాణం మార్చి మరీ అడిగాను గదండీ!"

ఆ సంగతిని పేజీ మొత్తం రాశాను. బొమ్మ చూసి మోసపోవద్దు, అడుగున ఏముందో చూడండి అని. మంచి పేరొచ్చింది. ఆ మూడు సీసాల ఫొటో చాలాకాలం నా బల్ల అద్దం కింద ఉండేది. తర్వాత నేనే తీసేశాను.

తోటకి పెళ్లిచూపులు

మిరపకు జెమిని వైరస్ పట్టుకుని పల్నాడు తోటలన్నీ గిడసబారుతున్న రోజులవి. ఆకు ముడుచుకుపోతుంది, కాయ నిలవదు. మందు లేదు. వైరస్‌ను తట్టుకునే విత్తనం వచ్చిందంటే జనం ఎగబడి కొనేవాళ్లు.

ఒక విత్తనాల డిస్ట్రిబ్యూటరు ఫోన్ చేసి, సత్తెనపల్లి అవతల రోడ్డు పక్కనే ప్రదర్శన తోట వేయించామని, వచ్చి చూడమని అడిగాడు. కారు పంపాడు. జనవరి నెల, ఎండ ఇంకా ముదరలేదు. తోట నిజంగానే బాగుంది. నడుమెత్తు మొక్కలు, ఎర్రగా కాయ. చుట్టుపక్కల తోటలు చూసి వచ్చిన కంటికి అది ఇంకా పచ్చగా కనపడింది. అక్కడక్కడా సాళ్లలో ఖాళీలు మాత్రం ఉన్నాయి.

"ఈ ఖాళీలేమిటండీ?" అని డిస్ట్రిబ్యూటర్ని అడిగాను.

"నాటేటప్పుడు కూలీలు సరిగా నాటలేదండీ. మామూలే."

పక్క సాల్లో కాయ కోస్తున్న ఒక ముసలామె ఈ మాట విని నడుం పైకెత్తింది. పేరు ఏసమ్మ. తలగుడ్డ బిగించుకుంటూ నా వైపు చూసి నవ్వింది.

"అన్నీ మా మీదకే నెడతారు. నాటటం సరిగానే నాటాం బాబూ. నిన్న పొద్దున్నుంచీ పీకింది కూడా మేమే. పేపరోళ్లు వస్తన్నారు, వంకర పిల్లలు కనపడకూడదన్నారు. ఇయ్యాల తోటకి పెళ్లిచూపులు గదా!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. డిస్ట్రిబ్యూటరు కూడా నవ్వి, "ఏసమ్మ నోరు యమా డేంజరండీ" అంటూ నన్ను కారు వైపు నడిపించాడు. ఫొటో నేనే తీశాను, ఖాళీలు పడకుండా.

రెండు రోజుల తర్వాత విత్తనం పేరుతో సహా వార్త వచ్చింది. 'వైరస్‌ను తట్టుకున్న తోట' అని శీర్షిక. ఏసమ్మ మాట అందులో లేదు. అది సరదాగా అన్న మాటే అనుకుని వదిలేశాను. కూలికొచ్చిన మనిషిని అడగడమేమిటన్న భావం లోపలెక్కడో ఉండే ఉంటుంది. లేదని ఇప్పుడు చెప్పలేను.

పచ్చ అట్ట పుస్తకం

ఆ ఏడే కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఒకాయన వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో పచ్చ అట్ట నోటుపుస్తకం. పేరు మస్తాన్ వలీ, ఊరు సత్తెనపల్లికి దగ్గరే. సొంత పొలం లేదు, మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మడతపెట్టిన పేపరు ముక్క నా బల్ల మీద పరిచాడు.

"ఇది రాసింది తమరేనా సార్?"

"నేనే."

"తోట పోయింది సార్. మూడెకరాలూ."

మాట పైకి లేవలేదు, కిందికి దిగలేదు. పుస్తకం తెరిచి చూపించాడు. ప్రతి ఏడూ ఏ విత్తనం వేయాలో తేల్చుకోవడానికి వాళ్ల నాన్న పెట్టిన పద్ధతట అది. సంబంధం లేని మూడు నోళ్లు ఒకే మాట చెప్పాలి. రెండు చెబితే సగం పొలంలో, మూడు చెబితే మొత్తం పొలంలో. ఎవరేం చెప్పిందీ తేదీతో సహా గళ్లు గీసి రాసుకున్నాడు. ఆ ఏడు మూడు గళ్లలోనూ ఒకే విత్తనం పేరుంది. పురుగుమందుల దుకాణం ఆయన చెప్పాడు. గట్టు పక్క రైతు కోటయ్య చెప్పాడు. ఫోన్‌లో వ్యవసాయం గురించి చెప్పే కుర్రాడొకడు చెప్పాడు.

"ఆకు ముడుచుకున్నాక దుకాణానికెళ్లి అడిగాను సార్. ఆయన సొరుగులోంచి ఇది తీశాడు. 'నాకేం తెలుసయ్యా, పేపర్లో వేశారు' అన్నాడు. కోటయ్య దగ్గరికెళ్లి 'నీకెవరు చెప్పార్రా' అంటే, 'టీకొట్టు కాడ పేపర్లో చూశా' అన్నాడు. ఫోన్‌లో అబ్బాయిది మళ్లీ పెట్టుకుని చూశాను. వాడి వెనకాల కనపడే బొమ్మ తమరు తీసిందే. వాడు చదివింది తమరు రాసిందే. ముగ్గుర్ని అడిగాను సార్. ముగ్గురూ తమరే అయ్యారు."

పాండురంగారావు గారి రెండో ప్రశ్నను ఒక కౌలురైతు మూడు చోట్లకు తిరిగి అడిగి వచ్చాడు. ముందుగా కాదు, తోట పోయాక. కాని అడిగాడు. నేను అది కూడా చేయలేదు.

"మరి తమరెవర్ని అడిగారు సార్?"

"డిస్ట్రిబ్యూటర్ని."

"ఇంకా?"

నేను బల్ల అద్దం కింద ఫొటో వైపు చూశాను.

"ఒక్కణ్ణేనా?" అన్నాడు. పేపరు ముక్కను జాగ్రత్తగా మడిచి పుస్తకంలో పెట్టుకున్నాడు. "నేను నయం సార్. ముగ్గుర్నడిగా."

ఆయన వెళ్లాక పాత నోటుపుస్తకాలు వెతికాను. ఆ రోజు పేజీ దొరికింది. మొక్కల ఎత్తు, కాయ పొడవు, నీళ్లు ఎన్నిసార్లు కట్టారు, అన్నీ ఉన్నాయి. అడుగున నా రాతే: 'ఏసమ్మ - నిన్న పీకాం - పెళ్లిచూపులు.' పక్కన నవ్వుతున్న మొహం ఒకటి గీసుకున్నాను.

నేను వినలేదని చెప్పుకోవడానికి లేదు. విన్నాను, రాసుకున్నాను, వదిలేశాను.

సవరణ

మర్నాడు ఎడిషన్ ఇన్‌చార్జి దగ్గరకు వెళ్లాను. పాండురంగారావు గారు అప్పటికి లేరు. ఈయన మర్యాదస్తుడు. అంతా విని, "ప్రతి తోటకీ సవరణ వేసుకుంటూ పోతే పేజీలో ఇంకేం వేస్తామండీ? రైతుల్ని అప్రమత్తం చేస్తూ ఒక ఐటం ఇవ్వండి, చాలు" అన్నారు.

ఇచ్చాను. 'విత్తనాల ఎంపికలో జాగ్రత్త అవసరం' అని. విత్తనం పేరు లేదు, పాత వార్త ప్రస్తావన లేదు, ఏసమ్మ లేదు. చదివినవాడికి ఏ జాగ్రత్తో, దేని గురించో తెలిసే దారి లేదు. అట్లాంటి ఐటం రాయడంకంటే ఊరుకోవడం మేలు. ఊరుకుంటే కనీసం రాసినవాడికి నేను చెప్పాను గదా అన్న తృప్తి ఉండదు.

పైవాళ్లదే తప్పని నేననను. గట్టిగా నిలబడితే నాలుగు వాక్యాలు వేయించగలిగేవాణ్ణే. నిలబడలేదు. అప్పటికి నాకు పేరుంది, ఆ పేరు చూసుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. తోట బాగుందంటే పది నోళ్లు చెబుతాయి. పోయిందంటే చెప్పేవాడు ఉండడు. పోయినవాడు సిగ్గుతో చెప్పడు, అమ్మినవాడు అవసరం లేక చెప్పడు, రాసినవాడు పరువు కోసం చెప్పడు. రైతు పోల్చి చూసుకునేది ఇక మిగిలిన ఆ మంచి మాటలనే. గెలిచిన తోటల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని అందులో మంచిది ఏరుకుంటాడు. ఓడిన తోటల ఫొటోలు ఏ పేజీలోనూ ఉండవు. నా పేజీలోనూ లేవు.

యార్డులో

కౌలు భూమిని ఆసామి ఇంకొకరికి ఇచ్చేశాడు. మస్తాన్ గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే పనికి కుదిరాడు. ధరల కోసం నేను రోజూ పొద్దున్నే అక్కడికే వెళ్లాలి. టిక్కీ బస్తాల వరసల మధ్య, మిరప ఘాటులో, ముక్కుకు తువ్వాలు కట్టుకుని కనపడేవాడు. "బాగున్నారా సార్" అని ఆయనే పలకరించేవాడు. ఆయన దగ్గు మాత్రం ప్రతిసారీ కొంచెం పెరిగినట్టు వినపడేది.

ఒకరోజు ఉండబట్టలేక ఏసమ్మ సంగతి చెప్పేశాను. నోటుపుస్తకంలో పేజీ కూడా చూపించాను. చెబితే నా బరువు దిగుతుందనుకున్నాను. ఆయన తువ్వాలు కిందికి లాక్కుని ఆ లైను రెండుసార్లు చదివాడు. నవ్వుమొహం బొమ్మ మీద వేలు పెట్టాడు.

"అయితే తమరికి తెలుసన్నమాట."

అంతే. బస్తా ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండు సీజన్లు నాతో మాట్లాడలేదు. నాకు పదవీ విరమణ అయింది. యార్డుకు వెళ్లడం మానేశాను.

బాజీ నారుమడి

మొన్న శ్రావణంలో ఫోన్ వచ్చింది. గొంతు గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది.

"సార్, నేను మస్తాన్ని. తమరు తీసిన బొమ్మ మళ్లీ తిరుగుతోంది సార్."

ఆయన మేనల్లుడు బాజీ పెదకూరపాడు దగ్గర కౌలుకు మిరప వేస్తున్నాడు, మొదటిసారి. ఒక కొత్త విత్తనం కొని నారు పోశాడు. దాని గురించి ఫోన్‌లో వచ్చిన ఫొటో నా ఫొటోనే. శీర్షిక కూడా నాదే, 'వైరస్‌ను తట్టుకున్న తోట'. తేదీ కత్తిరించేశారు, పత్రిక పేరు తీసేశారు, కింద విత్తనం పేరు మాత్రం మార్చారు.

"నేను చెబితే వినట్లేదు సార్. నేనొక్కణ్ణే గదా చెప్పేది. ఐదుగురు పంపారంట వాడికి. తమరొస్తే ఇద్దరమవుతాం. ఆ ముసలామె కూడా ఉంటే..."

ముందుగా ఏసమ్మ కోసం సత్తెనపల్లి అవతల ఆ ప్రదర్శన తోట ఉన్న ఊరికి వెళ్లాను. ఏసమ్మ పోయి మూడేళ్లయిందని కోడలు చెప్పింది. తనూ కూలికి వెళ్లే ఆ కోడలికి ఆ తోట గుర్తులేదు. "రోజుకో తోట బాబూ, ఎన్నని గుర్తుంటాయి?" అంది.

అక్కడినుంచి బాజీ దగ్గరకు వెళ్లేసరికి మస్తాన్ గట్టు మీద నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. బాజీకి ముప్పయ్యేళ్లుంటాయి, మర్యాద తెలిసినవాడు. నులకమంచం వేసి కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు. ఇది నేను తీసిన ఫొటో, ఎప్పుడో తీసింది, నువ్వు కొన్న విత్తనం కాదు అన్నాను. అప్పటి తోటలో కూడా తెగులు మొక్కలు ముందురోజే పీకేశారన్నాను. నోటుపుస్తకం చూపించాను.

బాజీ ఆ పేజీ చూశాడు.

"ఇది మీరు రాసుకుందే గదండీ."

"అవును."

"ఆ ముసలామె నోటితో చెబితే వేరు."

"ఆమె లేదు నాయనా."

"మీరు చెబుతున్నారు, మామూ చెబుతున్నాడు. మామూకి చెప్పింది మీరే గదండీ. అంటే ఇద్దరు కాదు, అది ఒక నోరే." మస్తాన్ వైపు తిరిగాడు. "సంబంధం లేని మూడు నోళ్లుండాలని నువ్వే గదా మామూ నేర్పింది?"

లెక్క తప్పలేదు. పాండురంగారావు గారు ఉంటే ఈ అబ్బాయిని మెచ్చుకునేవారు.

"మరి ఆ ఐదుగురికి ఎవరు పంపారు?" అని అడిగాను.

"ఎవరెవరో పంపుంటారండీ. ఒకళ్లు మా చుట్టాలు, ఒకళ్లు దుకాణం గ్రూపు. ఐదుగురూ అబద్ధమాడతారా?"

అబద్ధం ఎవరూ ఆడరు. అప్పుడూ ఎవరూ ఆడలేదు.

"పోనీ సగమైనా వేరే నారు వెయ్యరా" అన్నాడు మస్తాన్. అంతకుముందు అంత బతిమాలుతున్నట్టు ఆయన మాట్లాడటం నేను వినలేదు. "సగం, అంతే. నా మాట విను బాజీ. నాకు పోయినట్టు పోతే మళ్లీ పొలం ముట్టుకోలేవురా."

"ఐదు నోళ్లు మామూ" అన్నాడు బాజీ, నొప్పించకూడదన్నట్టు నెమ్మదిగా. "నీ లెక్కకి రెండు ఎక్కువే."

ఇద్దరం లేచాం. మస్తాన్ నారుమడి వైపు రెండడుగులు వేసి, వంగి, పైన పరిచిన గడ్డి కొంచెం పక్కకు జరిపి చూశాడు. దగ్గు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మామూ, చూసి" అన్నాడు బాజీ వెనకనుంచి. "మొలకలొచ్చాయి. తొక్కుతావు."

మస్తాన్ గడ్డి మళ్లీ కప్పాడు. ఇద్దరం గట్టెక్కాం.